ఇంటిల్లిపాదీ ఫొటో దిగడం

మన తెలుగులో ఫొటో తీసేవారు వేరు, దిగేవారు వేరు. "నిరుడు సంక్రాంతికి అందరం కలిసి ఫొటో దిగాము" అంటాము. ఏటిలోకి దిగినట్లు, బండి దిగినట్లు, ఫొటో కూడా దిగడమే. ఈ మాట ఎట్లా వచ్చిందో గాని, అందులో ఒక నిజం ఉన్నది. తీసేవారికి అది ఒక క్షణంలో అయిపోయే పని. దిగేవారు మాత్రం చేస్తున్న పని ఆపి, చెంగు సర్దుకుని, కండువా వేసుకుని, తమను తాము మరొకరి చూపుకు అప్పగించుకోవలె. ఇంటివారి ఫొటోలు తీయదలచినవారు ముందుగా ఈ తేడాను గ్రహించడం మంచిది. యంత్రం సంగతి తరువాత.

కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ఇండ్లను దృష్టిలో పెట్టుకుని, చేతిలో ఒక సామాన్యమైన కెమెరా, లేదా జేబులోని సెల్‌ఫోను తప్ప వేరే సరంజామా లేనివారు తమ కుటుంబంవారి ఫొటోలు ఎట్లా తీసుకోవచ్చునో నాలుగు మాటలు చెప్పదలిచాము. కోనసీమనే ఎందుకు ఎంచుకున్నామంటే, అక్కడి పాత ఇండ్లలో ఫొటోకు కావలసిన వెలుగు కట్టడంతోపాటే వచ్చింది. పైగా ఆ ఇండ్లలో మనుష్యులందరూ ఒక్కచోట ఉండే రోజులు ఏడాదికి వ్రేళ్ళమీద లెక్కించవచ్చును. ఒక కొడుకు హైదరాబాదులో, ఒక కూతురు కువైట్‌లో, ఒక అల్లుడు మస్కట్‌లో, మనుమలు అమెరికాలో. సంక్రాంతి మూడు రోజులూ ఇల్లు నిండుతుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసివచ్చిన మర్నాటికి సగం మంది సామాను సర్దుకుంటారు.

కొన్నేండ్ల క్రిందట రాజోలు దిక్కున ఒక లంక గ్రామంలో మా బంధువుల ఇంట ఒక పెద్దావిడ కాలం చేసింది. దినాలనాటికి పటం కట్టించడానికి ఆమె ఫొటో కావలసి వచ్చింది. ఇల్లంతా వెదికారు. దొరికినది ఒక్కటే, మనుమరాలి పెళ్ళినాటి గుంపు ఫొటో. అందులోనూ ఆమె గుంపులో లేదు. గుంపు వెనుక, తలుపు రెక్క చాటున నిలబడి, సగం మొహం కనబడుతున్నది. భర్త పోయినావిడ శుభకార్యం ఫొటోలో ముందుకు రాకూడదని ఎవరూ అనలేదు. ఆమే అనుకున్నది, మిగిలినవారు ఊరుకున్నారు. ఆ సగం మొహాన్ని స్టూడియోలో పెద్దది చేయించి, రెండవ సగం ఊహించి పూరించి, ఎవరిదో పట్టుచీర భుజం అతికించి ఇచ్చారు. పటం వచ్చింది. చిన్న మనుమడు చూసి, "ఇది మా మామ్మ కాదు" అన్నాడు. ఆ ఇంట్లో ఆనాటికి ఆరు ఫోన్లు ఉన్నవి. ఆ మాటకు వస్తే మేమూ ఆ ఇంటికి కెమెరా భుజాన వేసుకుని ఎన్నోసార్లు వెళ్ళినవారమే. తోటల్ని తీశాము, కాలవల్ని తీశాము, అంతర్వేది రథాన్ని తీశాము. ఆవిడ చేతి కాఫీ త్రాగి వచ్చాము.

కనుక ఈ ప్రసంగంలో మేము చెప్పేదంతా, ఆ పటం మళ్ళీ ఏ ఇంటా కట్టించవలసిన అగత్యం రాకుండా ఉండడం కొరకే.

ముందు వెలుగు. పాత కెమెరాల పెట్టెలలో వచ్చిన కాగితాలలో ఒక సూత్రం ఉండేది. సూర్యుడు ఫొటో తీసేవారి వీపు వెనుక ఉండవలెనని. దానికి కారణం అందం కాదు, అవసరం. 1900లో అమెరికాలో కోడక్ కంపెనీవారు ఒక్క డాలరుకు అమ్మిన బ్రౌనీ డబ్బా కెమెరా గాని, తరువాతి కాలంలో మన దేశంలోనే బరోడాలో తయారై ఎన్నో ఇండ్లకు చేరిన అగ్‌ఫా క్లిక్ త్రీ గాని, వెలుగు లోపలికి పోయే రంధ్రం చిన్నది. ఆనాటి ఫిల్మూ చురుకైనది కాదు. ఎండ బాగా ఉంటే తప్ప బొమ్మ సరిగా పడేది కాదు. క్లిక్ త్రీలో ఒక రీలుకు పన్నెండు బొమ్మలు. ఒకటి పాడైతే ప్రాణం ఉసూరుమనేది. అందుచేత ఇంటిల్లిపాదినీ ఎండకు ఎదురుగా నిలబెట్టేవారు. ఆ కాలపు ఆల్బములు తిరగవేసి చూడండి. అందరూ కళ్ళు చికిలించి, నుదుళ్ళు ముడిచి, ఎవరిమీదనో కోపం వచ్చినట్లు కనబడతారు. ఆ కోపం మనుష్యులది కాదు, ఎండది.

నేటి కెమెరాకు, ఫోనుకు ఆ ఎండ అక్కరలేదు. నీడలోని వెలుగే చాలును. అయినా ఆ సూత్రం మాత్రం జనం నాలుకమీద మిగిలిపోయింది. ఇప్పటికీ పెద్దవారిని పీటమీదనుంచి లేపి, పెరట్లో ఎండలో నిలబెట్టి, "ఇటు చూడండి, కళ్ళు తెరవండి" అని వేధించేవారిని చూస్తుంటాము. శుక్లాలు ఆపరేషను చేయించుకున్న కళ్ళతో ఆ ఎండను చూడడం ఎంత కష్టమో తీసేవారికి తెలియదు.

ఎండ వద్దనగానే తోచేది కొబ్బరితోట. కోనసీమలో కొబ్బరిచెట్టు పడకుండా ఫొటో తీయడమే కష్టం. కాని తోటలో ఒక మోసం ఉన్నది. ఆకుల సందులనుంచి జారే ఎండ చారలు చారలుగా మొహాలమీద పడుతుంది. మన కన్ను దానికి సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోలేదు. మేము మొదటిసారిగా తీసిన రీలు అట్లాగే పాడయింది. పినతండ్రిగారి కుటుంబాన్నంతా తోటలో వరుసగా కూర్చోబెట్టి ఎంతో అందంగా తీశామనుకున్నాము. కడిగించి తెస్తే అందరి మొహాలమీదా పులిచారలు. పిన్నిగారికి ఒక కన్ను వెలుగులో, ఒక కన్ను చీకట్లో. ఆవిడ మంచి మనిషి కనుక, "బాగానే ఉందిలే నాయనా" అన్నారు. తోట కావాలనుకుంటే అది వెనుక ఉండనివ్వండి. మనుష్యులు మాత్రం తోట అంచున, పైన విశాలంగా ఆకాశం కనబడే నీడలో ఉండవలె.

ఇక మండువా లోగిళ్ళ సంగతి. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరిచిన జాగా, దాని చుట్టూ వసారా, లోపలికి వాలిన పెంకుల చూరు. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ నడుమకు చేరతాయి. వెలుగూ అట్లాగే పైనుంచి నడుమకు దిగి, అక్కడినుంచి నాలుగు వసారాలకూ మెత్తగా పాకుతుంది. విద్యుద్దీపాలు రాని పందొమ్మిదవ శతాబ్దిలో స్టూడియోలు కట్టినవారు ఇటువంటి వెలుగు కొరకే పైకప్పుకు గాజుపలకలు వేసి, కుదిరినచోట ఉత్తరపు వైపు తెరిచి ఉంచుకునేవారు. ఇంగ్లండులో జూలియా మార్గరెట్ కామెరన్ అనే ఆవిడ, మన కలకత్తాలో 1815లో పుట్టినావిడే, నలభై ఎనిమిదవ ఏట కుమార్తె కానుకగా ఇచ్చిన కెమెరాతో ఈ విద్య మొదలుపెట్టింది. పెరటిలోని కోళ్ళ గూటిని ఖాళీ చేయించి, దానినే స్టూడియో చేసుకుని, నేటికీ లోకం మెచ్చే ముఖచిత్రాలు తీసింది. కోళ్ళ గూటిలో సాధ్యమైనది మండువాలో సాధ్యం కాదా?

మండువాలో చేయవలసినదల్లా ఇది. కుర్చీ నడిబొడ్డున వేయవద్దు. అక్కడ వెలుగు నెత్తిమీదనుంచి పడి కనుగుంటలు చీకటి అవుతవి. చూరు క్రిందికి, వసారా అంచునుంచి ఒక బార లోపలికి వేయండి. కూర్చున్నవారి మొహం తెరిచిన నడుమవైపు తిరిగి ఉండవలె. మీరు వెలుగువైపునుంచి, మీ నీడ వారిమీద పడకుండా చూసుకుని నిలవండి. వెనుక గది చీకటిగా ఉంటుంది గనుక తెర కట్టవలసిన పని లేదు. నేలమీద పడిన ఎండపొడ కూర్చున్నవారి ఒడిలోకి రాకూడదు. ఎదురుగోడమీద పడితే మాత్రం అదృష్టమే. ఆ గోడ వెలుగును మెత్తగా తిప్పి పంపుతుంది.

మండువా ఇండ్లు ఇప్పుడు తగ్గిపోయినవి. డాబా ఇండ్లు వచ్చినవి. డాబాలోనైనా వీధి గుమ్మం ఉంటుంది. గుమ్మానికి రెండు అడుగులు లోపల కుర్చీ వేసి, మొహం బయటికి తిప్పి కూర్చోబెడితే చిన్నపాటి స్టూడియో తయారైనట్లే. కిటికీ ప్రక్కన కూర్చోబెడితే ఒక చెంప వెలుగులోను, మరొక చెంప చీకట్లోను ఉంటుంది. అటువైపు ఉతికిన తెల్లపంచె ఒకటి పరిచి ఇద్దరు పిల్లలచేత పట్టించండి. చీకటి చెంపమీదికి వెలుగు తిరిగివస్తుంది. వేలు పోసి కొనే సాధనాలు చేసే పనిలో చాలా భాగం ఆ పంచె చేస్తుంది. ఫోనులోని ఫ్లాషును మాత్రం మూసి ఉంచండి. ఎదురుగా కొట్టే ఆ వెలుగులో మొహం పళ్ళెంవలె బల్లపరుపుగా కనబడుతుంది. వెనుక గోడమీద నీడ దయ్యంవలె నిలుస్తుంది.

వేళ విషయంలో పంచాంగం చూడనక్కరలేదు గాని, సూర్యుని నడక కొంచెం తెలిసి ఉండవలె. సంక్రాంతినాళ్ళలో సూర్యుడు దక్షిణంగా, దిగువగా నడుస్తాడు. ఉత్తరపు వసారా పగలంతా నీడలోనే ఉంటుంది. సాయంకాలం ఐదు ముప్పావు దాటితే అస్తమయం. కనుక నాలుగున్నరకే అందరినీ పోగుచేయండి. వేసవిలో కథ వేరు. మే మొదటివారంలో మన అక్షాంశానికి సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. అప్పుడు మధ్యాహ్నం ఆరుబయట తీసిన ఏ ముఖమైనా కళ్ళు లేని ముఖమే. ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తరువాత.

మరొక చిక్కు ఉన్నది. దానిని గురించి ఎవరూ చెప్పరు గనుక మేము కొంచెం విడమరచి చెబుతాము. వెల్లవేసిన గోడ, తెల్లపంచె, తెల్లచొక్కా, వీటి నడుమ చామనచాయ మొహం. కెమెరా తన ఎదుట ఉన్నదంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు అనుకుని వెలుగును కొలుస్తుంది. ఎదుట తెలుపు ఎక్కువైతే "అబ్బో, వెలుగు ఎక్కువగా ఉన్నది" అని తగ్గించివేస్తుంది. గోడ మాసినట్లు, మొహం మసి పూసినట్లు అవుతుంది. అప్పుడు నింద ఎవరిమీద పడుతున్నది? "మా నాన్న నలుపండీ, ఫొటోలో పడడు" అంటారు. తప్పు నాన్నగారిది కాదు, కొలతది. ఫోనులో అయితే తెరమీద మొహం ఉన్నచోట వ్రేలితో ఒకసారి తాకండి. ప్రక్కన సూర్యుని బొమ్మవంటి గుర్తు వస్తే దానిని కొద్దిగా పైకి జరపండి. గోడ ఇంకా తెల్లబడినా ఫరవాలేదు. మొహంలోని గీతలు కనబడవలె. వెల్లగోడకు బదులు తలుపు చెక్కో, ధాన్యపు గాదెయో, పచ్చని చెట్ల గుంపో వెనుక ఉంటే ఈ బాధే ఉండదు.

నలుపు మాట వచ్చింది గనుక ఒక మాట. ఇప్పటి ఫోన్లు కొన్ని అడగకుండానే మొహాలను తెల్లబరుస్తవి, ముడతలను చెరిపివేస్తవి. పూర్వం స్టూడియోలో నెగటివుమీద పెన్సిలుతో దిద్దేవారు. అది ఒక మనిషి ఆలోచించి చేసే పని. ఇది యంత్రం గుడ్డిగా చేసే పని. డెబ్బై ఏండ్లు గోదావరిగాలికి, పొయ్యిసెగకు ఆగిన మొహాన్ని పెళ్ళికూతురి మొహంవలె చేసి ఇస్తే, ఆ ముసలావిడ మురిసినా మురియవచ్చును. ఇరవై ఏండ్ల తరువాత ఆమెను వెదుకుకునే మనుమలకు మాత్రం ఆమె దొరకదు. ఆ సౌందర్యసాధనాన్ని ముందే మూసివేయండి.

ఎంత దూరంలో నిలవాలి? దగ్గరగా ఎంతమాత్రమూ వద్దు. ఫోను కంటికి లోకం విశాలంగా కనబడుతుంది. మొహాన్ని నింపడానికి మూరెడు దూరంలోకి వెళ్ళితే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి అవుతవి. ఇది కటకం దోషంకన్న దూరం దోషం అనడమే సబబు. ఆరు అడుగులు వెనుకకు జరిగి, రెండింతలు దగ్గరగా చూపే గుర్తును నొక్కి తీయండి. గుంపును తీసేటప్పుడు ఇదే కటకం అంచులలో ఉన్నవారిని ప్రక్కకు సాగదీస్తుంది. అసలే బొద్దుగా ఉన్న బాబాయిగారిని చివర నిలబెట్టి మరింత బొద్దుగా చేయడం న్యాయం కాదు. రెండువైపులా కొంత ఖాళీ వదలండి.

ఎత్తు విషయంలో ఒకటే నియమం: వారి కళ్ళు ఎక్కడ ఉంటే కెమెరా అక్కడ ఉండవలె. తాతగారు పడకకుర్చీలో ఉంటే మీరు మోకాళ్ళమీద కూర్చోండి. నిలబడి తీస్తే నడినెత్తి, నుదురు తప్ప మరేమీ పడవు. మోకాలు మోపడంలో ఇంకొక లాభం కూడా ఉన్నది. ఎదుట ఎవరో నిలబడి ఆజ్ఞాపిస్తున్నట్లు గాక, మనుమడు చెంత చేరినట్లు ఉండి, పెద్దవారి భుజాలు వాటంతట అవే సడలుతవి.

అసలు వారు ఒప్పుకోవడమే కష్టం. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందనే మాట మన పల్లెలలో చాలాకాలం వినబడింది. ఆ భయం ఇప్పుడు లేదు గాని, దాని స్థానంలో మరొకటి వచ్చింది. పెద్దవారిని ఒంటరిగా కూర్చోబెట్టి ఫొటో తీస్తామంటే, ఎందుకు తీస్తున్నారో వారికి తెలుసు. అమలాపురం దగ్గర ఒక రైతు, ఎనభై దాటినవారు, కెమెరా చూడగానే నవ్వి, "ఆయ్, పటానికాండీ?" అన్నారు. మాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ, "కానీండి, ఇప్పుడైతే నాకు నచ్చినట్టు దిగుతాను కదండీ" అని, లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చారు. ఆయన కోరినది ఒక్కటే, తమ దూడను ప్రక్కన ఉంచుకోవడం. ఉంచాము. దూడ కదిలి ఆ వైపు బొమ్మ మసకబారింది. ఆయన మాత్రం స్పష్టంగా ఉన్నారు.

ఆయన చెప్పినదే సరియైన పద్ధతి. వారికి నచ్చినట్లు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బందిపడే మనిషికి రోజూ చేసే పనిని ఇవ్వండి. బండారులంకలో మగ్గం గుంటలో కూర్చున్న నేతగానికి ఫొటో కొరకు కుర్చీ వేయడం అనవసరం. నూలు పోగు కనబడడానికి ఆ మగ్గం ఎట్లాగూ వెలుతురు చూసి వేసినదే. ఆత్రేయపురంలో బోర్లించిన కుండమీద పిండిగుడ్డ ఒక్క లాగు లాగి పూతరేకు తీసే ఇల్లాలి మొహంలో ఆ క్షణాన ఉండే శ్రద్ధ, "నవ్వండమ్మా" అంటే రాదు. పొగ ఉంటుంది గనుక తలుపు తీసి ఉంచి, మీరు తలుపు ప్రక్కనుంచి తీయండి. పని చేసే చేయి కదులుతుంది. ఒక్కటి కాదు, పది తీయండి.

స్త్రీల మాటకు వస్తే, పరాయి పురుషుని ఎదుట ఫొటోకు కూర్చోవడం ఒకప్పుడు మర్యాద కాదనుకునేవారు. హైదరాబాదులో రాజా దీనదయాళ్‌గారు 1892లోనే స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించారు. పరదా మర్యాదకు భంగం లేకుండా సంపన్న కుటుంబాల స్త్రీలు అక్కడ ఫొటోలు దిగారు. పల్లెలో ఆ సదుపాయం ఎవరికి ఉన్నది? ఈనాడు ప్రతి ఇంటిలోనూ ఆడపిల్లల చేతుల్లో ఫోన్లు ఉన్నవి. అమ్మమ్మను మనుమరాలే తీయవచ్చును. ఆమె ఎదుట అమ్మమ్మ కూర్చునే తీరు మా ఎదుట ఎన్నటికీ రాదు.

ఇక గుంపు ఫొటో. ఇరవైమందిని ఒకే నేలమీద వరుసగా నిలబెడితే వెనుకవారి నెత్తులు మాత్రమే కనబడతవి. వీధి అరుగు ఉన్నదే, అది దేవుడిచ్చిన మెట్ల వరుస. పిల్లలు వాకిట చాపమీద, పెద్దవారు మెట్టు దగ్గర కుర్చీలలో, తక్కినవారు అరుగుమీద. కుర్చీలు ముందు వేసి, వాటిలో ఎవరు కూర్చోవాలో పిలిచి చెప్పండి. లేకపోతే మర్యాదలకే పావుగంట పోతుంది, అలిగేవారు అలుగుతారు. మేము మొదట చెప్పిన పెద్దావిడవంటివారు తలుపు చాటునే ఉంటారు. వారిని "రండి, రండి" అని పిలిస్తే రారు. ఒక కుర్చీ నడుమ ఖాళీగా ఉంచి, ఇంటి పెద్దకొడుకు లోపలికి వెళ్ళి చేయి పట్టుకుని తీసుకురావలె. ఆవిడ వచ్చి కూర్చునేవరకు తీయబోమని తీసేవారు భీష్మించవలె.

ఎన్నిసార్లు తీయాలి? దీనికి లెక్క ఉన్నది. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు, గుంపులో ఎవ్వరూ రెప్ప వేయని బొమ్మ ఒకటైనా దొరకాలంటే ఎన్ని తీయాలో గణించి, హాస్యమూ శాస్త్రమూ కలిసిన ఇగ్ నోబెల్ బహుమతిని 2006లో గణితంలో పొందారు. ఇరవైమంది లోపు గుంపుకు, వెలుగు బాగా ఉంటే తలల సంఖ్యను మూడుచేత, వెలుగు తక్కువైతే రెండుచేత భాగించమన్నారు. పద్దెనిమిదిమంది ఉంటే ఆరు. పసిపిల్లలు ఉన్న ఇండ్లలో ఇంకొక నాలుగు చేర్చండి అని మా సవరణ.

తీసేవారు ఫొటోలో లేకపోవడం మరొక అన్యాయం. ఫొటోలమీద మక్కువ ఉన్న మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరు ఉంటారు. ఆ ఇంటి ఆల్బములో కనబడనిది ఆ ఒక్కరే. పది సెకండ్లు ఆగి తీసే ఏర్పాటు ప్రతి ఫోనులోనూ ఉన్నది. కెమెరాకు కాళ్ళ స్టాండు లేకపోతే ఎత్తుపీట వేసి, దానిమీద చిన్న బియ్యపు సంచీ పెట్టి, సంచీలో గుంట చేసి ఫోను కుదర్చండి. బియ్యం ఎటు కావాలంటే అటు సర్దుకుంటవి, కదలవు. ఆపైన వెళ్ళి మీ చోట నిలబడండి.

తీసిన తరువాత సంగతి తీయడంకంటె ముఖ్యం. ఫోనులో ఉన్న బొమ్మ ఫోనుతోనే పోతుంది. మంచిదని తోచినదానిని స్టూడియోలో కాగితంమీదికి ఎక్కించండి. మూడు ప్రతులు: ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊరిలోని తోబుట్టువు దగ్గర, ఒకటి ఆ ఫొటోలోని పెద్దవారి చేతికి. వేరే ఊరు అని ఎందుకంటున్నామో లంకలవారికి చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు గోదావరి వరదలోను, 1996 నవంబరు 6 నాటి తుపానులోను ఎన్ని ఇండ్ల గోడలమీది పటాలు పోయినవో వారికి తెలుసు. ధాన్యం మళ్ళీ పండింది, కొబ్బరి మళ్ళీ నాటారు. ఫొటో తడిస్తే కంగారుపడి గుడ్డతో తుడవవద్దు; తడి పొర లేచివస్తుంది. బురదను శుభ్రమైన చల్లని నీటిలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి ఉండేటట్లు నీడలో విడివిడిగా పరచి ఆరనివ్వండి. పటంలో గాజుకు అంటుకుపోయినదానిని పీకవద్దు. గాజుతో సహా నీడలోకి తెచ్చి, ప్రతిబింబం పడకుండా మీ వెనుక నల్లని గుడ్డ పట్టించి, ఫోనుతో తిన్నగా ఒక నకలు తీసుకోండి.

ఫొటో వెనుక పేర్లు వ్రాయండి. బాల్‌పెన్ను వద్దు, దాని ఒత్తు ముందువైపుకు తేలుతుంది. మెత్తని పెన్సిలు మేలు. నున్నని కాగితంమీద పెన్సిలు పట్టకపోతే వేరే చీటీమీద వ్రాసి జతచేయండి. ఎడమనుంచి కుడికి, వరుసవారీగా, ఊరు, తేదీ. "పెద్దమ్మ, మామయ్య, చిన్నక్క" అని వ్రాస్తే వ్రాసినవారికి తప్ప మరొకరికి తెలియదు. ఎవరికి పెద్దమ్మ, ఎవరికి మామయ్య? ఇంటిపేరుతో సహా అసలు పేరు వ్రాయవలె. మామ్మగారి అసలు పేరు తెలియదా? ఆవిడ ప్రక్క గదిలోనే ఉన్నారు గదా, వెళ్ళి అడగండి.